నర్సమ్మ నేర్చుకున్న నొప్పి మాటలు

ఆ ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదికి పంతొమ్మిదేళ్లుగా ఒక్కరే నర్సు. క్యాంటీనుకీ ప్రెస్సు షెడ్డుకీ మధ్య ఇరుక్కుపోయిన చిన్న గది అది. ఒక ఇనప మంచం, అద్దాల బీరువా, చేతులు కడుక్కునే సింకు, గోడకి గడియారం, అంతే సామాను. అవతల ఇనప రేకులు నొక్కే ప్రెస్సు దెబ్బ పడినప్పుడల్లా బీరువాలో సీసాలు గలగలమంటాయి. వేలు తెగినవాడూ, కంట్లో నలుసు పడినవాడూ, పని ఎగ్గొట్టడానికి కడుపునొప్పి తెచ్చుకున్నవాడూ ఆ తలుపే తోసుకుని రావాలి. మనిషి గుమ్మం నుంచి మంచం దాకా నడిచొచ్చే లోపే వాడి నొప్పి నిజమో నాటకమో నర్సమ్మ చెప్పేస్తుందని షెడ్డులో పేరు. ఆ పేరంటే ఆవిడకీ కాస్త గర్వమే.

ఆ ఏడాది కొత్త ప్రెస్సు లైను బిగించడానికి జపాను నుంచి పద్నాలుగు మంది వచ్చారు. వాళ్ల వెంట మాటలు అటూ ఇటూ చేరవేయడానికి కంపెనీ ఒక దుబాసీ అమ్మాయిని పెట్టింది. పాతికేళ్లుంటాయేమో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాలికి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది. పద్నాలుగు మందికి ఆ ఒక్క నోరే దిక్కు.

దుబాసీ సెలవులో ఉన్న ఒకరోజు పొద్దున, వాళ్లలో ఒక వెల్డరు ఫస్ట్ ఎయిడ్ గదికి వచ్చాడు. నడక మామూలుగానే ఉంది. బొడ్డుకి పైన పిడికిలి ఆనించి, "కిరికిరి" అన్నాడు.

నర్సమ్మ పకపకా నవ్వేసింది. షెడ్డులో కుర్రాళ్లు వీళ్లకి మన మాటలు నేర్పుతున్నారని ఆవిడకి తెలుసు. "అవునయ్యా, కడుపుతో ఎవరికైనా కిరికిరే" అంది. అతను కూడా మర్యాదకి నవ్వాడు. గ్యాసుకి తాగే గులాబి రంగు మందు రెండు మూతలు పోసిచ్చి, సాయంత్రానికి సర్దుకుంటుందని చేత్తో సైగ చేసి పంపేసింది.

మర్నాడు తెలిసింది, కడుపులో పుండు చిల్లుపడి అతన్ని తెల్లవారుజామున ఆస్పత్రిలో కోశారని. ప్రాణం దక్కింది. రెండు వారాల తర్వాత చక్రాల కుర్చీలో విమానం ఎక్కి వెళ్లిపోయాడు.

"వాళ్ల భాషలో కిరికిరి అంటే మెలిపెట్టి పొడుస్తున్న నొప్పి సిస్టర్. కడుపుకే ఎక్కువ వాడతారు" అని దుబాసీ తర్వాత చెప్పింది.

ఎవరూ నర్సమ్మని ఒక్క మాట అనలేదు. డాక్టరు గారు కూడా, భాష రాకపోతే మీరేం చేస్తారమ్మా అన్నారు. ఎవరైనా తిట్టి ఉంటే ఆవిడకి కొంచెం తేలికగా ఉండేదేమో. మందు తప్పు ఇచ్చిందని కాదు బాధ. పొట్ట పట్టుకుని మనిషి ఎదురుగా నిలబడితే తను నవ్వింది. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొచ్చేది, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా అదే.

వారం తర్వాత దుబాసీని పట్టుకుంది. "అమ్మాయ్, నాకు మీ జపాను వాళ్ల నొప్పులు నేర్పు."

"నాకే ఊపిరాడటం లేదు సిస్టర్. అయినా ముందు అక్షరాలు, తర్వాత నమస్కారాలు, తర్వాత..."

"నమస్కారాలు నాకెందుకు? నా దగ్గరికి నమస్కారం పెట్టడానికి ఎవరొస్తారు? నొప్పులు మాత్రం చెప్పు చాలు."

భోజనాల వేళ ఇరవై నిమిషాలు. క్యారేజీలు ఇద్దరివీ ఇనప మంచం మీద, నోటుపుస్తకం నర్సమ్మ ఒళ్లో. నొప్పికి వాళ్లు వాడే మాటలు చాలా వరకు జంట చప్పుళ్లే. జుకిజుకి, చికుచికు, హిరిహిరి, షికుషికు, గన్ గన్, జిన్ జిన్. దుబాసీ ఒక్కొక్కటీ చెప్పి, మన భాషలో ఏమంటారో తేల్చలేక తల గోక్కునేది. చదువుకున్న పిల్లే గానీ, పాతికేళ్ల ఒంటికి నొప్పులేం తెలుస్తాయి?

తేల్చిపెట్టింది నర్సమ్మ అత్తగారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు, నడుము, మెడ, చిగుళ్లు, అన్నీ తలా ఒక రోజు పంచుకుని ఆవిడని పీక్కుతింటాయి. సాయంత్రం కోడలు పుస్తకం పట్టుకుని పక్కన చేరితే, ఒంట్లో నొప్పుల గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేకపోవడంతో ఆవిడ మొహం వెలిగిపోయింది.

"గుండె కొట్టుకున్నట్టు లోపల కొట్టుకునే నొప్పట అత్తయ్యా, జుకిజుకి."

"సలుపు. పంటికి వస్తుంది, గోరుచుట్టుకి వస్తుంది. రాసుకో."

"చర్మం మీద, గీరుకుపోయిన చోట నీళ్లు తగిలితే, హిరిహిరి."

"చురచుర. అది మంట కాదు, మంట వేరు."

"సన్నగా, ఆగకుండా, కడుపులో. షికుషికు. మెల్లగా ఏడవడాన్నీ అలాగే అంటారట."

పెద్దావిడ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఆ నొప్పి నాకు తెలుసు. దానికి మన దగ్గర పేరు లేదే. నులుముతున్నట్టు అని రాయి" అంది.

తిమ్మిరి దగ్గర పెద్ద వాదనే అయింది. కాలు మడిచి కూర్చుంటే పట్టేదీ, ఒంట్లోంచి ఆ భాగమే పోయినట్టు ఉండేదీ రెండూ ఒకటేగా అని నర్సమ్మ అంటే అత్తగారు ఒప్పుకోలేదు. "తిమ్మిరి జుమ్మంటుంది. మొద్దు ఏమీ అనదు. గిచ్చినా తెలియదు. అదీ తేడా. పంతొమ్మిదేళ్లు నర్సువి, ఇదీ నేనే చెప్పాలా?"

నర్సమ్మ భర్త సిటీ బస్సు డ్రైవరు. నడుము నొప్పిని ఎవరికీ చెప్పకుండా మోస్తున్న మనిషి. "పక్క వీధి వాళ్లతో మాట్లాడటానికి తీరికలేదు గానీ, సముద్రం అవతల వాళ్ల సలుపులు కావాల్సొచ్చాయి మీ ఇద్దరికీ" అని వెక్కిరించేవాడు. అయినా అట్టపెట్టెలు కత్తిరించి చీటీలు చేసింది ఆయనే. పొద్దున షూ లేసులు కట్టుకుంటూ ఒక్కొక్కటీ ఎత్తి చూపించి పరీక్ష పెట్టేవాడు.

బొమ్మల్లాంటి అక్షరాల దగ్గర మాత్రం నర్సమ్మకి చుక్కలు కనిపించాయి. దుబాసీ ఒక కిటుకు చెప్పింది. రోగాలకి సంబంధించిన అక్షరాలకి ఎక్కువగా ఒకే చూరు ఉంటుంది. నెత్తిన చుక్క, ఒక అడ్డగీత, ఎడమ పక్కగా కిందికి జారే గీత, దానికి ఆనుకుని రెండు చిన్న గీతలు. మంచాన పడ్డ మనిషి బొమ్మ అది ఒకప్పుడు. ఆ చూరు కింద ఏముందో చూసుకుంటే రోగం తెలుస్తుంది. కిటికీ చువ్వల్లాంటిది ఉంటే నొప్పి, 痛. గొర్రె ఉంటే దురద, 痒. గళ్ల పెట్టె, దాని కింద కూడిక గుర్తులాంటిది ఉంటే స్పర్శ పోవడం, 痺.

"దురదకి గొర్రె ఏమిటే?" అంది నర్సమ్మ.

"ఏమో సిస్టర్. గొర్రెకి తెలియాలి."

ఆరు నెలలు గడిచాయి. నోటుపుస్తకంలో నలభై మూడు మాటలు, పదకొండు బొమ్మ అక్షరాలు చేరాయి. మాటలు చదవడం వచ్చింది, అడగడం వచ్చింది. ఎదుటివాళ్లు గబగబా చెబితే మాత్రం సగం జారిపోయేది.

కొత్త లైనుని చూడటానికి పై కంపెనీ పెద్దలు వచ్చిన రోజు అది. షెడ్డు నేల అద్దంలా తుడిచారు. గేటు పక్కన, ప్రమాదం లేకుండా గడిచిన రోజులు చూపించే బోర్డు మీద నూట ఎనభై ఆరు అని ఉంది. సేఫ్టీ ఆఫీసరు ఆ బోర్డు కింద నిలబడి రెండు ఫోటోలు కూడా దిగాడు.

పదకొండు గంటలకి, గొలుసు కప్పీకి వేలాడుతున్న ఇనప పలక జారి ఒక జపాను ఫిట్టరు కాలిని సిమెంటు అరుగుకేసి నొక్కేసింది. మోకాలికి కింద, పిక్క దగ్గర. పలకని లేపడానికి పది నిమిషాలు పట్టింది. ఆ ఫిట్టరుకి యాభై దాటాయి. ఎవరు ఎదురైనా నడుము వంచి నమస్కరిస్తాడని షెడ్డులో అతన్ని దండాల మేస్త్రీ అనేవాళ్లు. పని అయ్యాక యంత్రానికి కూడా ఒక దండం పెట్టి వెళ్లేవాడు.

దగ్గర్లో ఉన్న చిన్న ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. ఒంటిగంటకి జీపులో వెనక్కి తెచ్చి ఫస్ట్ ఎయిడ్ గదిలో దింపారు. "ఎముకకి ఏం కాలేదు సిస్టర్. కాసేపు కూర్చోబెట్టండి చాలు" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు గుమ్మంలోంచే. దుబాసీ పై అంతస్తులో పెద్దల మీటింగులో ఉంది, ఫోను ఆపేసి ఉంది.

నర్సమ్మ అతని కాలిని స్టూలు మీదికెత్తి ఐసు పెట్టింది. నొప్పి మాత్ర ఇచ్చింది. "దైజోబు, దైజోబు" అన్నాడు మేస్త్రీ. పర్వాలేదని అర్థం. వాళ్లు ఆ మాట అంటే వెంటనే నమ్మొద్దని దుబాసీ మొదటి రోజే చెప్పింది.

ఒకటిన్నరకి అతని నుదుటి మీద చెమట పట్టింది. మాత్ర పనిచేయాల్సిన సమయానికి నొప్పి పెరుగుతోంది. రెండింటికి పిక్క ముట్టుకుని చూస్తే బల్లచెక్కలా ఉంది. చర్మం నిగనిగలాడుతోంది.

"దొన్నా ఇతమి దెస్ కా?" అని అడిగింది. ఎలాంటి నొప్పి అని.

అతను తలెత్తి, ఆవిడ నోట ఆ మాట వచ్చిందని నమ్మలేనట్టు చూశాడు. "జిన్ జిన్" అన్నాడు. తర్వాత పిక్క మీద చెయ్యి ఆడిస్తూ, "పన్ పన్." లోపల జుమ్మంటోంది, పగిలిపోయేంత బిగుసుకుపోయింది. రెండూ పుస్తకంలో ఉన్నవే. ఇంకేదో కూడా చెప్పబోయాడు. అంతలో తలుపు తోసుకుని వాళ్ల పెద్ద ఇంజనీరు వచ్చాడు. మేస్త్రీ కుర్చీలో నిటారుగా అయిపోయాడు. మూడుసార్లు దైజోబు అన్నాడు. కూర్చునే వంగి దండం పెట్టాడు. పెద్ద ఇంజనీరు తృప్తిగా తలాడించి వెళ్లిపోయాడు.

నర్సమ్మ తలుపు గడియ వేసింది. కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా పైకి వంచింది, అంతే. మేస్త్రీ గొంతులోంచి వచ్చిన చప్పుడుకి ఆవిడ వేలు వదిలేసింది. వేలు కదిపితే పిక్కలో అంత నొప్పి రాకూడదు.

అతను గబగబా ఏదో అన్నాడు. పాదం చూపించి మళ్లీ అన్నాడు. షిబి అన్నట్టుంది. ఆవిడకి అందలేదు. కిరికిరి అన్న మనిషి మొహం కళ్ల ముందు ఆడింది. ఇప్పుడు కూడా తప్పుగా వింటే? నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి పెన్సిలు అతని చేతికిచ్చింది.

మేస్త్రీ పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు 痛 రాశాడు. ఒక్క క్షణం ఆగి, కొట్టేశాడు. పక్కనే మరొకటి రాశాడు. అదే చూరు, అదే మంచాన పడ్డ మనిషి. కింద మాత్రం కిటికీ చువ్వలు లేవు. గళ్ల పెట్టె, కూడిక గుర్తు.

నర్సమ్మ పేజీలు తిప్పింది. తొందరలో రెండుసార్లు దాటిపోయింది. దొరికింది. 痺 పక్కన ఆవిడ చేతిరాతలోనే అత్తగారి మాట ఉంది: మొద్దు, తిమ్మిరి కాదు, గిచ్చినా తెలియదు.

దూది పుల్ల తీసి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య రాసింది. కళ్లు మూసుకోమని సైగ చేసి మళ్లీ రాసింది. మేస్త్రీ, పుల్ల ఇంకా తగల్లేదన్నట్టు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు గారు పొద్దున ఒక గంటే వస్తారు. మిగతా రోజంతా ఊళ్లో ఆయన సొంత క్లినిక్కు. మూడోసారికి ఫోను ఎత్తారు.

"ఎక్స్‌రే బాగుందన్నారుగా సిస్టర్. పాదంలో నాడి అందుతోందా?"

"అందుతోందండీ. కానీ పిక్క రాయిలా ఉంది. వేలు కదిపితే ఓర్చుకోలేకపోతున్నాడు. వేళ్ల మధ్య స్పర్శ లేదు."

"లేదని ఎవరన్నారు? ట్రాన్స్‌లేటర్ ఉందా అక్కడ?"

"లేదండీ. అతనే రాసి చూపించాడు."

"ఏం రాశాడు?"

"మొద్దుబారిందని రాశాడు."

"జపాను భాషలోనా? మీకెలా తెలుసమ్మా?"

నర్సమ్మ పుస్తకంలో ఆ అక్షరం మీద వేలు పెట్టింది. "చదివానండీ. నొప్పి అని రాసి కొట్టేశాడు. తర్వాత ఇది రాశాడు. దూదితో నేను కూడా చూశాను."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "ఐసు తీసెయ్యండి. కాలు స్టూలు మీంచి దింపి గుండెకి సమానంగా ఉంచండి. కట్టు ఏదైనా ఉంటే విప్పెయ్యండి. కండరం లోపల వాచి రక్తం ఆడకుండా నొక్కేస్తోంది. నాడి అందినా సరే, నమ్మడానికి లేదు. పెద్దాస్పత్రికి నేను ఫోను చేస్తాను, మీరు వెంటనే బయల్దేరండి. దెబ్బ తగిలి ఎంతసేపైంది?"

గడియారం చూసింది. "మూడున్నర గంటలు."

"గంటలో ఆపరేషను బల్ల మీద ఉండాలి అతను."

అంబులెన్సుకి ఫోను చేసి, కాలు దింపి, ఐసు తీసేసే లోపు కబురు సేఫ్టీ ఆఫీసరుకి చేరిపోయింది. పరుగున వచ్చాడు. టై పక్కకి జరిగి ఉంది.

"ఏంటి సిస్టర్ ఇది? పెద్దలు పైన మీటింగులోనే ఉన్నారు. గేట్లో అంబులెన్సు సైరనా? ఎక్స్‌రే బాగుంది, వాళ్ల ఇంజనీరే పర్వాలేదన్నాడు. ఐదింటికి వాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు నేనే దగ్గరుండి తీసుకెళ్తాను."

"ఐదింటికి కాలు ఉండదండీ."

"అదెవరు చెప్పారు?"

"డాక్టరు గారు చెప్పారు. ఇతను చెప్పాడు."

"ఇతను మీతో మాట్లాడాడా?" సేఫ్టీ ఆఫీసరు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. "నా సంతకం లేకుండా గేటు తియ్యరు."

"అయితే పెట్టండి. మీరు పెట్టకపోతే నేను పెడతాను. ఎవరడిగినా నేనే పెట్టానని చెబుతాను." గేటు పాసు పుస్తకం ఆయన ముందుకి తోసింది. పెన్ను మూత తీసి పట్టుకుంది.

ఆయన సంతకం పెట్టలేదు. వద్దని కూడా అనలేదు. పుస్తకం వైపు చూస్తూ నిలబడిపోయాడు. నర్సమ్మ తన పేరు రాసి చీటీ చింపుకుంది. వాచ్‌మన్ ఆ పేరు చూసి గేటు తీశాడు.

అంబులెన్సులో మేస్త్రీ పళ్లు బిగించి పైకప్పు వైపే చూస్తున్నాడు. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి పెట్టెలు ఎంతకీ అయిపోలేదు. భయపడొద్దని చెబుదామని నర్సమ్మ నోరు తెరిచింది. మాట లేదు. నలభై మూడు మాటలున్నాయి, అన్నీ నొప్పులే. ధైర్యం చెప్పే మాట ఒక్కటి కూడా నేర్చుకోలేదు. దైజోబు ఒక్కటి తెలుసు గానీ, అది అతను నొప్పి దాచుకునే మాట. నమస్కారాలు వద్దన్నది తనే కదా.

"జిన్ జిన్?" అని అడిగింది చివరికి, చెయ్యి పట్టుకుని.

"జిన్ జిన్" అన్నాడు మేస్త్రీ.

"జుకిజుకి?"

"జుకిజుకి."

ఇంకేం తోచక తెలుగులోకి దిగింది. "ఇంకెంత, వచ్చేశాం బాబూ. అదుగో గేటు లేపుతున్నాడు. గట్టిగా పట్టుకో నా చెయ్యి, పర్వాలేదు, విరిగిపోదులే." అతను నిజంగానే గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత రెండు రోజులు ఆవిడ వేళ్లు నొప్పెట్టాయి.

పెద్దాస్పత్రిలో సర్జను పిక్క ఒక్కసారి తడిమి చూశాడు, అంతే. ఇంకేమీ అడగకుండా లోపలికి తోయించాడు. పిక్కకి రెండు వైపులా పొడుగ్గా కోసి, లోపలి బిగువు వదిలించారు. నర్సమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. తను చదివింది తప్పయి, ఒక మంచి కాలిని ఊరికే కోయిస్తున్నానేమో అన్న ఆలోచన ఆ గంటన్నరా ఆవిడని వదల్లేదు. పుస్తకం తీసి ఆ అక్షరాన్ని మళ్లీ చూసింది. పెట్టె ఉంది, కూడిక ఉంది. మళ్లీ మూసింది.

సర్జను బయటికొచ్చి, "కండరం రంగు ఇంకా బాగానే ఉందమ్మా. ఇంకో రెండు మూడు గంటలైతే చెప్పలేకపోయేవాళ్లం" అన్నాడు. ఆవిడ తలూపింది. పుస్తకం చంకలో పెట్టుకుని లేచింది.

మర్నాటికి గేటు దగ్గర బోర్డు మీద సున్నా పడింది. సేఫ్టీ ఆఫీసరు నుంచి నర్సమ్మకి కాగితం వచ్చింది. అనుమతి లేకుండా అంబులెన్సు పిలిచినందుకూ, గేటు పాసు మీద సంతకం చేసినందుకూ సంజాయిషీ ఇవ్వాలట. ఆవిడ నాలుగు వాక్యాలు రాసిచ్చింది. దాని మీద మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు చేతికి గాజుముక్క గుచ్చుకుని వచ్చాడు. మాట్లాడక తప్పలేదు.

దుబాసీ మాత్రం ఏడ్చింది. "ఫోను ఆపకుండా ఉండాల్సింది సిస్టర్" అని.

"ఏడవకే పిచ్చిదానా. ఒక్కదానివి ఎన్ని చోట్ల ఉంటావు?" అంది నర్సమ్మ. ఆ వారమే ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్లారు.

మేస్త్రీ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. వేళ్ల మధ్య స్పర్శ ఇంకా రాలేదట, కానీ వేళ్లు కదుపుతున్నాడు. నర్సమ్మని చూసి మంచం మీద నుంచే వంగబోతే ఆవిడ భుజం పట్టి ఆపింది. అతను దుబాసీతో చాలాసేపు మాట్లాడాడు.

"ఏమంటున్నాడే?"

"పై ఆఫీసరు ముందు నొప్పి అని చెప్పడం సిగ్గనిపించిందట. మీరు తలుపు గడియ వేశాకే చెప్పగలిగాడట. ఇంకోటి కూడా అంటున్నాడు. మీరు 'ఎలాంటి నొప్పి' అని అడిగినప్పుడు, చాలా మర్యాదగా అడిగారట గానీ, పలికిన తీరుకి మొదట ఏదో తినడానికి కావాలా అంటున్నారనుకున్నాడట."

ముగ్గురూ నవ్వారు. నవ్వితే గాయం లాగుతుందని మేస్త్రీ కాలు పట్టుకుని నవ్వాడు. తర్వాత నోటుపుస్తకం అడిగి తీసుకుని, నర్సమ్మ రాసుకున్న అక్షరాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఏ గీత ముందో ఏది తర్వాతో చిన్న అంకెలు వేసి దిద్దాడు. దురద దగ్గర గొర్రెకి ఒక గీత తక్కువైందని చూపించాడు.

నాలుగు నెలలకి అతను చేతికర్రతో నడుస్తూ షెడ్డుకి వచ్చాడు. పని పూర్తయ్యాక మిగతావాళ్లతో పాటే వెళ్లిపోయాడు. కొంచెం కుంటు మిగిలింది.

నర్సమ్మ చదువు మానలేదు. దుబాసీ పోరు పడలేక మరుసటి ఏడాది ఆ భాషలో అన్నిటికంటే కింది మెట్టు పరీక్షకి కూడా కూర్చుంది. తప్పింది. రైల్వే స్టేషనుకి దారి అడగడం, నిన్న వాన పడిందా అని అడగడం, చెల్లెలి పుట్టినరోజు ఎప్పుడో చెప్పడం, ఇవే ఇచ్చారు అందులో.

"ఒక్క నొప్పి కూడా ఇవ్వలేదు అత్తయ్యా" అంది ఇంటికొచ్చి.

"నొప్పుల్లేని వాళ్లు పెట్టిన పరీక్ష అది" అంది పెద్దావిడ. "ఇటు రా, ఎడమ మోకాలు చూడు. పొద్దుటి నుంచి కొత్తగా ఉంది. సలుపూ కాదు, లాగుడూ కాదు."

నర్సమ్మ బ్యాగు పక్కన పెట్టి, పుస్తకం తెరిచి పక్కన కూర్చుంది.